జేబులో హోటల్ కార్డు

చైనాకు పనిమీద వెళ్లే మనిషి జేబులో ఒకప్పుడు పాస్‌పోర్టుతో పాటు తప్పనిసరిగా ఒక చిన్న అట్టముక్క ఉండేది. విజిటింగ్ కార్డంత ఉంటుంది. ఒక వైపు హోటల్ పేరు, ఫోను నంబరు, గీతలతో గీసిన చిన్న మ్యాపు. రెండో వైపు చైనా అక్షరాల్లో ఒకే ఒక్క వాక్యం: దయచేసి నన్ను ఈ చోటికి చేర్చండి. గది తాళంతో పాటు దాన్నీ రిసెప్షన్‌లో అడక్కుండానే చేతిలో పెట్టేవారు. టాక్సీ ఎక్కి చూపిస్తే డ్రైవరు దాన్ని ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా పట్టుకుని చదివి, తలాడించి, మీటరు జెండా వంచేవాడు. చదువూ ఉద్యోగమూ హోదా అన్నీ ఉన్న మనిషి ఆ పూటకి తప్పిపోయిన పిల్లాడితో సమానం. జాతరలో పిల్లల జేబులో పేరూ ఊరూ రాసిన కాగితం పెట్టి పంపుతాం చూడండి, అలాంటిదే ఆ కార్డు. ఇప్పుడు దాన్ని ఎవరూ అడగడం లేదు. ఫోను ఉండగా అడగాల్సిన పనేముంది?

షికాగోకు పడమరగా, ఫాక్స్ నది ఒడ్డున ఉన్న అరోరా ఊరిని తలుచుకుంటూ ఈ కార్డు సంగతి ఎత్తడానికి కారణం ఉంది. మనవాళ్లకు అరోరా అంటే 1986లో కుంభాభిషేకం జరిగిన బాలాజీ గుడి. కానీ తెలుగు కుటుంబాలు ఆ చుట్టుపక్కల స్థిరపడింది గుడి ఒక్కటే చూసుకుని కాదు, ఉద్యోగాలు చూసుకుని. ఊరి తూర్పు పొలిమేర దాటగానే నేపర్‌విల్. అక్కడ 1966లో మొదలైన బెల్ ల్యాబ్స్ వారి ఇండియన్ హిల్ కేంద్రం. ఫైవ్ ఈఎస్ఎస్ అనే టెలిఫోన్ ఎక్స్ఛేంజీకి రూపం వచ్చింది అక్కడే. 1982లో అదే రాష్ట్రంలోని సెనెకా అనే చిన్న ఊళ్లో అది తొలిసారి పనిలోకి దిగింది. ఆ కేంద్రం 1996లో లూసెంట్‌ది, 2006లో అల్కాటెల్-లూసెంట్‌ది, 2016లో నోకియాది అయింది. ఉత్తరాన షాంబర్గ్‌లో మోటరోలా ఉండేది. అరోరాను ఆనుకుని మాంట్‌గోమరీలో కేటర్‌పిల్లర్ ఫ్యాక్టరీ ఉండేది. 1990ల్లో వీటన్నిటికీ చైనా దారి తెరుచుకుంది. మోటరోలా 1992లో తియాన్‌జిన్‌లో, కేటర్‌పిల్లర్ 1994లో షూజౌలో కంపెనీలు పెట్టాయి. లూసెంట్ ఎక్స్ఛేంజీలు చింగ్‌తావ్‌లో తయారయ్యాయి. ఇలాంటి కొలువుల్లో ఉన్న తెలుగు ఇంజనీరుకు చైనా యాత్రాస్థలం కాదు. దినబత్తా వచ్చే డ్యూటీ.

నా వాదన ఒక్కటే. ఆ ఇంజనీరుకు చైనా పాత జీవితాన్నీ వీధినీ పరిచయం చేసింది అతని ఆసక్తి కాదు, అతని అవస్థ. నిద్ర పట్టని అవస్థ, తిండి దొరకని అవస్థ, మాట రాని అవస్థ. ఈ మూడూ తీరిపోయాయి, వాటితో పాటు పరిచయమూ పోయింది. పాత వీధులు కూలిపోవడం అందులో సగం కథే.

నిద్రతో మొదలుపెడదాం. అరోరాకూ బీజింగ్‌కూ ఎండాకాలంలో 13 గంటలు, చలికాలంలో 14 గంటలు తేడా. పగలూ రాత్రీ పూర్తిగా తారుమారు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తుంది, ఇక రెప్ప పడదు. అప్పటి హోటల్ గదిలో చేసేందుకు ఏమీ ఉండేది కాదు. టీవీలో అర్థమయ్యే చానళ్లు ఒకటో రెండో. ఇంటికి ఫోను చేస్తే బిల్లు వాచిపోయేది. జూన్ నెలలో బీజింగ్‌లో ఐదు కాకముందే సూర్యుడు వచ్చేస్తాడు. మనిషి వీధిలో పడక తప్పేది కాదు. విచిత్రం ఏమిటంటే, పాత చైనా వీధి నిండుగా బతికేది కూడా సరిగ్గా ఆ వేళే. తొమ్మిదింటికి కంపెనీ కారు వచ్చేసరికి దానిలో సగం అయిపోయి ఉంటుంది. సెలవు పెట్టి, డబ్బు పోసి, గైడు వెంట వచ్చే టూరిస్టు తొమ్మిదింటికే కదా బయల్దేరేది. కాబట్టి అతనికి అందనిది, నిద్ర చెడిన ఉద్యోగికి ఉచితంగా అందింది.

ఏముండేది ఆ వేళ? బీజింగ్ పాత సందుల్ని హుతోంగ్‌లు అంటారు. రెండు పక్కలా బూడిదరంగు ఇటుక గోడలు, గోడల వెనక నాలుగు వైపులా గదులతో మన మండువా లోగిలిని గుర్తుచేసే ఇళ్లు. ఒక్క కుటుంబం కోసం కట్టిన లోగిట్లో ఐదారు కుటుంబాలు సర్దుకునేవి. ఇంట్లో మరుగుదొడ్డి ఉండదు. సందు మలుపులో అందరికీ కలిపి ఒకటి. రాత్రి వేసుకున్న దుస్తులతోనే జనం అటు నడిచేవారు, దారిలోనే పలకరింపులు. గుమ్మం పక్కన తేనెపట్టు బొగ్గు వరసలు. బొగ్గుపొడిని మట్టితో కలిపి, నిలువునా బెజ్జాలు ఉండేలా పోతపోసిన గుండ్రటి దిమ్మలు అవి. రాత్రి కాలిన దిమ్మ మీద కొత్తదాన్ని బెజ్జానికి బెజ్జం కలిసేలా పట్టకారుతో పెడితే నిప్పు పైకి అంటుకుంటుంది. కలవకపోతే ఆరిపోతుంది. చలికాలం వస్తే గోడవారన క్యాబేజీ గుట్టలు, పైన పాత దుప్పట్లు. ముసలివాళ్లు పంజరాలకు నీలం గుడ్డ కప్పి, చేత్తో మెల్లగా ఊపుకుంటూ పార్కుకు తీసుకెళ్లేవారు. పిట్టలకు అది వ్యాయామమట. వ్యాయామం పిట్టకో మనిషికో చెప్పడం కష్టం.

ఇక తిండి. శాకాహారి అయిన తెలుగువాడు చైనాలో ఏం తింటాడన్నది ఆ రోజుల్లో బయల్దేరే ముందు ఇంట్లో పెద్ద చర్చ. పెట్టెలో పొడులు, పచ్చళ్లు, అటుకులు. అవి అయిపోయాక వీధే దిక్కు. ఉత్తర చైనాలో, ముఖ్యంగా తియాన్‌జిన్‌లో, పొద్దుటి పూట జియెన్‌బింగ్ అనే అట్టు అమ్ముతారు. దాని పిండి ప్రధానంగా పెసరపిండి. ఈ ఒక్క మాట చాలు. మూడు చక్రాల బండి మీద గాజు అద్దాల పెట్టె, అందులో గుండ్రటి ఇనుప పెనం. గరిటెడు పిండి నడిమధ్య పోసి, ఇంగ్లిష్ టీ అక్షరం ఆకారంలో ఉన్న వెదురు చెక్కతో ఒక్క చుట్టు తిప్పితే పెనం అంచుదాకా పల్చగా పరుచుకుంటుంది. మనవాళ్లు గరిటె అడుగుతో లోపలినుంచి బయటికి చుట్టలు చుట్టినట్టే, కాకపోతే ఇక్కడ చెక్క పడుకుని తిరుగుతుంది. దానిమీద గుడ్డు కొట్టి పులిమి, ఉల్లికాడలు చల్లి, తిరగేసి, తియ్యటి సోయా ముద్ద రాసి, నడుమ నూనెలో వేయించిన పొడుగాటి పిండికాడను పెట్టి మడుస్తారు. దాని పేరు యౌతియావ్. పెసరట్టులో ఉప్మా పెట్టుకు తినే జాతికి అట్టు మధ్యలో ఇంకో పలహారం ఎందుకని ఎవరూ నేర్పక్కర్లేదు. గుడ్డు దగ్గరే చిక్కు. అమ్మే మనిషి గుడ్డు చేతిలోకి తీసుకుంటుంది. కొనే మనిషి రెండు చేతులూ అడ్డంగా ఊపుతాడు. ఆమె గుడ్డును ఇంకాస్త ఎత్తి చూపిస్తుంది, పైసలు తక్కువయ్యాయేమోనని వేళ్లతో లెక్క చెబుతుంది. అతను మళ్లీ చేతులు ఊపుతాడు. వెనక లైనులో ఉన్నవాళ్లు నవ్వుతారు. ఈ నాటకం మూడు రోజులు సాగితే నాలుగో రోజు అతన్ని చూడగానే ఆమె గుడ్ల ట్రే పక్కకు జరుపుతుంది. చైనా సంస్కృతితో పరిచయం అంటే, నా లెక్కలో, ఆ ట్రే జరగడం.

చెవికి అందినవి కళ్లకు కనబడ్డవాటి కంటే ఎక్కువ. పాత బీజింగ్‌లో ప్రతి వృత్తికీ ఒక చప్పుడు ఉండేది, అరుపు కంటే ముందు అది వచ్చేది. కత్తులకు సాన పట్టేవాడు పొడుగాటి బల్లను భుజాన వేసుకుని, తాడుకు గుచ్చిన ఇనుప రేకుల్ని చేత్తో జాడిస్తూ వచ్చేవాడు. ఆ తర్వాత సాగదీసిన కేక. మంగలి దగ్గర రెండు రెక్కల పెద్ద ఇనుప పట్టకారు ఉండేది. రెక్కల మధ్యనుంచి ఇనుప కడ్డీని సర్రున లాగితే తంబురా తీగ మీటినట్టు చాలాసేపు మోగేది. 1990ల నాటికే ఇది అరుదైపోయింది. ఆకాశంలో పావురాలు. వాటి తోక ఈకల మొదట్లో సొరబుర్రతో, వెదురుతో చేసిన చిన్న ఈలలు కడతారు. గుంపు తిరిగినప్పుడల్లా ఆ ఊళ మారుతుంది. నేలమీద సైకిలు గంటలు. తియాన్‌జిన్‌లో తయారయ్యే ఫ్లయింగ్ పీజియన్ సైకిళ్లు ఏరులా పారేవి. మలుపులో పంక్చర్లు వేసేవాడు గాలి కొట్టిన ట్యూబును సత్తు బేసిన్లో నీళ్లలో ముంచి, వేలితో నొక్కుకుంటూ బుడగల కోసం చూసేవాడు. గుంటూరులో అయినా వరంగల్‌లో అయినా ఇదే బేసిన్, ఇదే మురికి నీళ్లు, ఇదే ఆకురాయి.

బేరం సంగతి వేరే చెప్పాలి. బీజింగ్ సిల్కు సందులో బేరమంతా క్యాలిక్యులేటర్ మీద. అమ్మే అమ్మాయి అంకె నొక్కి చూపిస్తుంది, కొనేవాడు చెరిపి తన అంకె నొక్కుతాడు, ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంటుంది. కూరగాయల బజారులో క్యాలిక్యులేటర్ కూడా ఉండదు, వేళ్లే. చైనావాళ్లు పది దాకా ఒక్క చేతి వేళ్లతో చెప్పగలరు. బొటనవేలూ చిటికెనవేలూ చాస్తే ఆరు. మనకది ఫోను చెయ్యమన్నట్టు కనబడుతుంది. పాతకాలంలో వాళ్ల పశువుల సంతల్లో దళారులు పొడుగాటి చొక్కా చేతుల లోపల వేళ్లు పట్టుకుని ధర తేల్చేవారు. మన సంతల్లో కండువా కింద వేళ్లు పట్టుకుని తేల్చేవారు. మూడోవాడికి తెలియకూడదన్నది రెండు చోట్లా ఒకటే జాగ్రత్త.

ఈ పరిచయం ఎలా పోయింది? ఒక పక్కనుంచి వీధి పోయింది. గోడమీద సున్నంతో గుండ్రంగా చుట్టి ఒక అక్షరం రాసేవారు. పలికితే దాదాపు మన ‘చాయ్’. అర్థం టీ కాదు, ‘కూల్చు’. దేశం పేరునే ‘చాయ్-నా’ అని విడగొట్టి, ‘ఎక్కడ కూల్చాలి’ అనే అర్థం లాగి బీజింగ్ జనం జోకులు వేసుకున్నారు. సిల్కు సందు 2005 జనవరిలో మూతపడి బహుళ అంతస్తుల భవనంలోకి మారింది. షాంఘైలో షియాంగ్‌యాంగ్ బజారు 2006లో పోయింది. 2008 ఒలింపిక్స్ ముందు చియెన్‌మెన్ వీధిని పడగొట్టి, పాతదానిలా కనబడేలా కొత్తగా కట్టారు. ఇంకో పక్కనుంచి ప్రయాణికుడి అవస్థ పోయింది. 2012లో మొదలైన దీదీ యాప్‌తో టాక్సీవాడికి అడ్రసు చూపించే పని తప్పింది. 2013లో వచ్చిన వీచాట్ చెల్లింపులతో కూరల బండికి కూడా క్యూఆర్ అట్ట వేలాడింది. కొన్నేళ్లపాటు విదేశీ బ్యాంకు కార్డులు ఆ యాప్‌లలో సరిగా పనిచేయక, చేతిలో నోట్లు పట్టుకుని బండి ముందు తెల్లమొహం వేసిన పరదేశులు చాలామంది. 2023లో ఆ ఇబ్బందీ చాలావరకు తీర్చారు. మూడింటికి మెలకువ రావడం మాత్రం మారలేదు. కానీ ఆ వేళకి అరోరాలో మధ్యాహ్నం, ఆఫీసు మీటింగు నడుస్తుంటుంది, గదిలోంచే అందులో చేరిపోవచ్చు. 2020 తర్వాత అసలు విమానమే ఎక్కక్కర్లేని ప్రయాణాలు ఎన్నో. కేటర్‌పిల్లర్ అయితే ఆ మాంట్‌గోమరీ ఫ్యాక్టరీలో తయారీ మూసేస్తున్నట్టు 2017లోనే ప్రకటించింది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయలేం. ఇదంతా పరుల పేదరికం మీద పరదేశి మోజు కాదా? బొగ్గు పొగ అతనికి వాసన, అక్కడి తల్లికి బిడ్డ దగ్గు. చలికాలం అర్ధరాత్రి వీధి చివరి మరుగుదొడ్డికి నడవాల్సిన ముసలమ్మకు అందులో సంప్రదాయం ఏమీ కనబడదు. ఐదు కుటుంబాల లోగిలి నుంచి లిఫ్టూ వేడినీళ్లూ ఉన్న ఫ్లాటుకు మారమంటే ఎగిరి గంతేసినవాళ్లు ఎందరో. నిజమే. మన వీధి కొళాయి దగ్గర బిందెల తగువును తలుచుకుని మురిసిపోయే వ్యాసాలు రాసేది కూడా నీళ్ల కోసం ఎన్నడూ బిందె మోయని మగవాళ్లే. అందుకే నేను హుతోంగ్ ఉండిపోవాల్సిందని అనను. ఊరి మధ్యనుంచి ఖాళీ చేయించి ఎక్కడో శివార్లకు తోసేసిన కుటుంబాల కష్టం వేరే లెక్క, దాన్ని ఫ్లాటు సుఖంతో కొట్టివేయలేం. ఆ రెంటినీ పక్కన పెట్టినా, ప్రయాణికుడు పోగొట్టుకున్నది ఇంకా అలాగే ఉంది. అతను పోగొట్టుకున్నది ఆ బొగ్గును కాదు, గుడ్ల ట్రే జరిపిన మనిషిని.

రెండో అభ్యంతరం: సంప్రదాయం పోవడమేమిటి, ఇప్పుడే కదా భద్రంగా ఉంది? బీజింగ్ షిజియా హుతోంగ్‌లో 2013లో మ్యూజియం పెట్టారు. అందులో ఒక గదినిండా పాత సందుల చప్పుళ్లు. మీట నొక్కితే సాన పట్టేవాడి రేకులు, పావురాల ఈలలు అన్నీ వినబడతాయి. తియాన్‌జిన్ జియెన్‌బింగ్‌కు 2018లో ప్రమాణాలు కూడా రాశారు, అట్టు వ్యాసం 38 నుంచి 45 సెంటీమీటర్లు ఉండాలట. ఈ పనుల్ని నేను ఎగతాళి చేయను. మన కళాయి పోసేవాడి కొలిమితిత్తి చప్పుడును అలా దాచుకున్న గది మనకు లేదు. అయితే మీట నొక్కేవాడి దగ్గర మొండి కత్తి ఉండదు. కత్తి ఉన్నవాడే ఆ చప్పుడు విని తలుపు తీస్తాడు, ఎంత అని అడుగుతాడు, పని అయ్యేదాకా నిలబడి వాతావరణం గురించి మాట్లాడతాడు. పార్కుల్లో నీళ్లతో అక్షరాలు రాసే ముసలివాళ్లను చూస్తే తేడా తెలుస్తుంది. పొడుగు కర్రకు స్పాంజి కుచ్చు కట్టి, బకెట్లో ముంచి, పలకరాళ్ల మీద పద్యాలు రాస్తారు. చివరి పాదానికి వచ్చేసరికి మొదటిది ఆరిపోతుంది. మన ముగ్గు మర్నాటి కళ్లాపితో పోయినట్టే. దాన్ని ఎవరూ భద్రపరచలేదు, అయినా నడుస్తోంది, రాసేవాళ్లకు అది కావాలి గనుక.

మూడోది కాస్త గుచ్చుకునే ప్రశ్న. అట్టు చూసి పెసరట్టు అన్నాడు, బేసిన్ చూసి గుంటూరు అన్నాడు, లోగిలి చూసి మండువా అన్నాడు. ఇతను చైనాను చూశాడా, తన చిన్నప్పటి వీధిని చూసుకున్నాడా? రెండోదే ఎక్కువ అని ఒప్పుకుంటాను. అరోరా పరిసరాల్లోని తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండేది ఊరి నడిబొడ్డున కాదు, ఒకేలాంటి ఇళ్ల సబ్‌డివిజన్లలో. అక్కడ వీధి ఉంది, వీధిలో మనిషి లేడు. గ్యారేజీ తలుపు లేస్తుంది, కారు వెళ్తుంది, తలుపు దిగుతుంది. అలాగని అరోరాకు వీధి తెలియదని కాదు. 1881లోనే ఊరంతా విద్యుద్దీపాలు వెలిగించిన తొలి అమెరికా పట్టణాల్లో అది ఒకటి, ఆ పేరు మీదే దీపాల నగరం అంటారు. 1975లో ఫాక్స్ వ్యాలీ మాల్ తెరిచాక కొనుగోళ్లు పాత డౌన్‌టౌన్ వదిలి అటు మళ్లాయి. ఆ ఊరి వీధి కూడా కూల్చకుండానే పోయిందన్నమాట. అలాంటి చోటినుంచి 13 గంటలు విమానంలో కూర్చుని వెళ్లి, నిద్రలేని తెల్లవారుజామున సాన పట్టేవాడి కేక విన్న మనిషి, దాన్ని చైనా కేకగా వినలేదు. విన్నంత మాత్రాన అర్థం చేసుకున్నట్టూ కాదు. కానీ అతని పక్క సీట్లో వచ్చిన అమెరికన్ సహోద్యోగికి వింతగా కనబడినది ఇతనికి ఎరిగినదిగా కనబడింది, అందుకే నిలబడ్డాడు. నిలబెట్టిన కారణం తప్పైనా, నిలబడ్డ కాసేపు నిజమే.

పని ఉన్నవాడే ఆగుతాడన్నదానికి పాత సాక్ష్యం మన దగ్గరే ఉంది. 7వ శతాబ్దంలో చైనా బౌద్ధ భిక్షువు హుయెన్‌త్సాంగ్ ధాన్యకటకం వచ్చాడు. సంఘారామాలు చాలా ఉన్నా ఎక్కువ పాడుబడ్డాయని, ఇరవై దాకా మాత్రమే నడుస్తున్నాయని రాసుకున్నాడు. ఆయన అక్కడ నెలల తరబడి ఉన్నది శిథిలాలు చూడటానికి కాదు, అభిధర్మ గ్రంథాలు చదువుకోవడానికి. చదువు చెప్పేవాళ్లు అక్కడ ఉన్నారు కాబట్టి ఉండిపోయాడు. ఆ గ్రంథాలు చైనాలోనే దొరికి ఉంటే ధాన్యకటకం గురించి మనకు ఆ రెండు ముక్కలు కూడా మిగిలేవి కావు.

చైనా వీధి కావాలంటే అరోరా నుంచి రైలెక్కి షికాగో చైనాటౌన్‌కు వెళ్లొచ్చు కదా అనేవాళ్లూ ఉంటారు. వెళ్లొచ్చు. 1912 ప్రాంతంలో క్లార్క్ వీధి నుంచి కదిలి వెంట్‌వర్త్ వీధికి చేరిన ఆ పేట ఇప్పటికీ బతికే ఉంది, 1975లో కట్టిన ద్వారం ఫొటోల కోసం ఉన్నా, లోపలి కిరాణా కొట్లు అక్కడివాళ్ల రోజువారీ అవసరం మీద నడుస్తున్నాయి. ఇండియన్ షాపులు పలచగా ఉన్న రోజుల్లో తెలుగు ఇల్లాలికి కూడా ఆ కొట్లు అవసరమే. ఎర్ర చారల తోటకూర అక్కడ ఇన్ చోయ్, బీరకాయ సింగ్ క్వా, కాకరకాయ ఫూ క్వా. పేరు తెలియక, వేలు చూపించి, కట్ట తిప్పి వేర్లు చూసి, ఎలా వండుతావని అవతలి మనిషి సైగ చేస్తే పోపు పెట్టడం సైగల్లో చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడు తోటకూర, బీరకాయ, కాకరకాయ మూడూ అరోరా, నేపర్‌విల్ ఇండియన్ షాపుల్లోనే, ఇంగ్లిష్‌లో పేరు రాసిన చీటీతో, దొరుకుతున్నాయి. కూరల కోసం అంత దూరం ఎవరు పోతారు?